వెనుక ఎయిర్ షాక్ కారుతుంటే కంప్రెసర్ మార్చి ఏం లాభం?

సంపాదకులకు,

అయ్యా,

పదేళ్లు, పదిహేనేళ్లు దాటిన మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడి కార్లు మన విశాఖపట్నంలో ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో మధ్యతరగతికి అందే ధరకే దొరుకుతున్నాయి. ఒకప్పుడు పెద్ద పారిశ్రామికవేత్తల ఇళ్ల ముందు మాత్రమే కనిపించిన కారు ఈనాడు ఒక కొత్త చిన్న కారు ధరకు వస్తోందంటే ఆశపడినవారిని తప్పుపట్టలేము. అయితే కారు ధర పడిపోయినంత మాత్రాన దాని విడిభాగాల ధర పడిపోదు. ఆ సంగతి కొన్నవారికి మొదట తెలిసొచ్చేది సాధారణంగా వెనుక ఎయిర్ షాక్‌ల దగ్గరే, అంటే ఉక్కు స్ప్రింగులకు బదులు రబ్బరులో బిగించిన గాలితో కారు బరువును మోసే భాగాల దగ్గరే. రాత్రి సెల్లార్‌లో నిటారుగా నిలబెట్టిన కారు తెల్లారేసరికి వెనుక చక్రాల మీదికి కుంగి కూర్చుంటుంది. అక్కడినుంచి మన ఊళ్లో జరుగుతున్న మరమ్మతు తీరు చాలా సందర్భాల్లో తలకిందులుగా ఉన్నదని, దానివల్ల యజమానుల డబ్బు వృథా కావడమే కాక రోడ్డు మీద ఇతరుల భద్రతకూ భంగం కలుగుతున్నదని, ఆటోమొబైల్ ఇంజినీరింగ్ బోధించి పదవీ విరమణ చేసినవాడిగా మీ పత్రిక ద్వారా తెలియజేయదలచుకున్నాను.

జరుగుతున్నదేమిటంటే, వెనుక భాగం కుంగిందని కారును గ్యారేజీకి తీసుకెళ్లగానే, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్ పెడతారు. షాక్‌లకు గాలి కొట్టే కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతున్నదనో, తగినంత ఒత్తిడి రావడం లేదనో అందులో ఒక కోడ్ కనిపిస్తుంది. వెంటనే కంప్రెసర్ పోయిందని తేల్చి కొత్తది వేస్తారు. కారు లేస్తుంది, యజమాని సంతోషంగా బిల్లు కట్టి ఇంటికి వెళతాడు. కొన్ని నెలలకు కారు మళ్లీ కుంగుతుంది, ఈసారి కొత్త కంప్రెసర్ కూడా కాలిపోయి ఉంటుంది. అసలు జబ్బు మొదటినుంచీ వెనుక షాక్ రబ్బరులో ఉన్నదని, కంప్రెసర్ దాని చేతిలో బలైపోయిందని అప్పటికిగానీ ఎవరికీ తట్టదు. స్కానర్ అబద్ధం చెప్పలేదు. అది బాధ ఎక్కడ బయటపడిందో చెప్పింది, ఎక్కడ పుట్టిందో చెప్పలేదు.

ఈ వ్యవస్థ పనిచేసే తీరు కొంత వివరిస్తేగాని నా అభ్యంతరం అర్థం కాదు. మామూలు కారులో బరువును మోసేది ఉక్కు కాయిల్ స్ప్రింగు. అంబాసిడర్ వెనుక భాగంలోనైతే కమాను కట్టలు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారులో ఆ బరువును మోసేది నైలాన్ వంటి దారపు పోగులు లోపల అల్లిన రబ్బరు గొట్టంలో బిగించిన గాలి. దానినే మెకానిక్‌లు బెలో అనీ, ఎయిర్ బ్యాగ్ అనీ అంటారు (ప్రమాదంలో తెరుచుకునే ఎయిర్ బ్యాగ్ వేరు). కారు కిందికీ పైకీ ఊగినప్పుడు ఈ రబ్బరు ఒక పిస్టన్ మీద తన మీద తానే మడత పడుతూ, విప్పుకుంటూ దొర్లుతుంది. చక్రాల దగ్గర ఉన్న హైట్ సెన్సార్లు కారు ఎంత ఎత్తులో ఉన్నదో కంట్రోల్ యూనిట్ అనే చిన్న కంప్యూటర్‌కు చెబుతాయి. డిక్కీలో సామాను పెట్టినా, వెనుక సీట్లో ముగ్గురు కూర్చున్నా, తగ్గిన ఎత్తును ఆ యూనిట్ పసిగట్టి కంప్రెసర్‌ను తిప్పి, ఒక్కో మూలకు గాలి దారిని తెరిచి మూసే వాల్వ్ బ్లాక్ ద్వారా ఆ మూలకు గాలి పంపుతుంది. దిగగానే అదనపు గాలిని బయటికి వదిలేస్తుంది. మెర్సిడెస్ 1998లో వచ్చిన, డబ్ల్యూ220 అనే సంకేతంతో పిలిచే తరం ఎస్-క్లాస్‌తో ఎయిర్‌మ్యాటిక్ పేరిట దీనిని ప్రవేశపెట్టింది. గాలి మీద నడిచే కార్లను అదే సంస్థ 1960ల తొలినాళ్లలోనే అమ్మింది కూడా. కాబట్టి ఇది ఎవరికీ తెలియని వింత విద్య కాదు.

ఇందులో అందరూ పట్టించుకోకుండా వదిలేసే భాగం డ్రైయర్. కంప్రెసర్ బయటి గాలిని పీల్చి నొక్కినప్పుడు ఆ గాలిలోని తేమ నీరుగా మారుతుంది. ఆ నీరు వాల్వ్‌లలోకి పోకుండా కంప్రెసర్ పక్కనే ఒక డబ్బాలో సిలికా జెల్ గుళికలు ఉంటాయి. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లకుండా జాడీలో వేసే బియ్యపు గింజల పనే వీటిది. అయితే ఈ గుళికలు ఎంతకాలమని తేమను పీల్చుకోగలవు? ఇక్కడే తయారీదారుల తెలివి కనిపిస్తుంది. కారు ఎత్తు తగ్గించవలసి వచ్చినప్పుడు లోపలి పొడి గాలి ఈ డ్రైయర్ గుండానే వెనక్కి ప్రయాణించి బయటికి పోతుంది. పోతూ పోతూ గుళికల్లోని తేమను తనతో పట్టుకుపోతుంది. ఆ విధంగా డ్రైయర్ తనను తాను ఆరబెట్టుకుంటుంది.

ఇప్పుడు వెనుక బెలోకు సన్నని చీలిక పడిందనుకుందాం. లోపలి పొడి గాలి డ్రైయర్ దారిన కాకుండా ఆ చీలిక దారిన పోతుంది. డ్రైయర్‌కు ఆరే అవకాశమే దక్కదు. పోయిన గాలికి బదులుగా కంప్రెసర్ మళ్లీ మళ్లీ బయటి గాలిని పీలుస్తూనే ఉంటుంది. ఆ బయటి గాలి ఏ ఊరి గాలి? సముద్రం పక్కన, ఏడాది పొడవునా చెమ్మ వీడని విశాఖపట్నం గాలి. గుళికలు తడిసి ముద్దై, కొన్నాళ్లకు పొడిగా రాలి, ఆ తెల్లని పొడి వాల్వ్ బ్లాక్‌లోకి చేరుతుంది. వాల్వ్‌లు సరిగా మూసుకోక అక్కడా గాలి జారడం మొదలవుతుంది. కొద్ది సెకన్లు తిరిగి ఆగడానికి తయారైన చిన్న మోటారు నిమిషాల తరబడి తిరిగి వేడెక్కుతుంది, పిస్టన్ రింగు అరుగుతుంది, దానికి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్ అయిన రిలేలో కాంటాక్టులు అతుక్కుపోతే ఆగకుండా తిరిగి కాలిపోతుంది. ఇంత జరిగాక రబ్బరును ముట్టుకోకుండా ఒక్క కంప్రెసర్‌ను మార్చడమంటే, కొత్త కంప్రెసర్‌ను కూడా తెలిసి తెలిసి అదే గతికి పంపడమే. రిలే ఖరీదు చాలా తక్కువ. కంప్రెసర్ వేసేటప్పుడు దానిని కూడా మార్చాలని తయారీదారులు చెప్పినా మన దగ్గర పాతదే తిరిగి గుచ్చుతున్నారు.

మన ఊరి వాతావరణం రబ్బరుకు చేసే హాని కూడా తక్కువ కాదు. చలి దేశాల్లో గడ్డకట్టే ఉదయాల్లో సీళ్లు కుంచించుకుపోయి గాలి జారుతుందని విదేశీ పుస్తకాల్లో చదువుతాము. మనకు ఆ బెడద లేదు. మనకున్నది ఎండ, ఉప్పు గాలి, బీచ్ రోడ్డు మీద ఇసుక, ఓడరేవు వైపు బొగ్గు దుమ్ము. మడత పడే చోట దుమ్ము చేరితే ప్రతి ఊపుకూ అది రబ్బరును రాపిడి పెడుతుంది. ఉప్పు చెమ్మ అల్యూమినియం భాగాల మీద తెల్లని పొరలా పేరుకుంటుంది, హైట్ సెన్సార్‌కు కలిపిన చిన్న కడ్డీ కీళ్లను బిగదీస్తుంది. కీలు బిగుసుకున్న సెన్సార్ తప్పు ఎత్తు చూపుతుంది కాబట్టి, గాలి జారకపోయినా కారు ఒక పక్కకు ఒరిగి నిలబడే సందర్భాలూ ఉన్నాయి. ఆ కడ్డీని ఒకసారి చేత్తో కదిలించి చూస్తే తేలిపోయే విషయానికి కొత్త షాక్ అంటగట్టినవారూ ఉన్నారు.

ఇక కుంగడం అన్నింటికీ రబ్బరే కారణమా అని అడగవచ్చు. కాదు. మధ్యాహ్నం ఎండలో వేడెక్కిన కారులోని గాలి రాత్రికి చల్లబడితే కుంచించుకుంటుంది. 45 డిగ్రీల నుంచి 27 డిగ్రీలకు దిగితే, మోసే బరువు మారనప్పుడు, గాలి ఘనపరిమాణం సుమారు ఆరు శాతం తగ్గుతుందని ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివిన విద్యార్థి కూడా లెక్కకట్టగలడు. కాబట్టి తెల్లారి కొద్ది మిల్లీమీటర్లు దిగిన కారును చూసి బెంబేలు పడనక్కరలేదు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు ఒక వేలికి తగ్గితే అప్పుడు గాలి జారుతున్నట్టే.

ఆ పరీక్షకైనా ఒక పద్ధతి ఉన్నది. చక్రం మధ్యభాగం నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి, నాలుగు మూలల అంకెలూ రాత్రి రాసుకోవాలి, ఉదయం స్టార్ట్ చేయకముందే మళ్లీ కొలవాలి. ఇందులో ఒక మెలిక ఉన్నది, చాలామంది మెకానిక్‌లు మోసపోయేది ఇక్కడే. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక కూడా కంట్రోల్ యూనిట్ మధ్యమధ్య మేల్కొని ఎత్తులు చూస్తుంది. ఒక మూల కుంగి ఉంటే, కారు ఒరిగి నిలబడకుండా మిగతా మూలల్లోంచి కూడా గాలి వదిలి అన్నింటినీ సమం చేస్తుంది. ఉదయం చూసేవారికి కారు మొత్తం దిగిపోయి కనిపిస్తుంది, అందువల్ల నాలుగు షాక్‌లూ పోయాయనో, కంప్రెసరే పోయిందనో అనిపిస్తుంది. రాత్రి సస్పెన్షన్ ఫ్యూజు తీసేసి కొలిస్తే ఈ సర్దుబాటు ఆగిపోతుంది; నిజంగా కారుతున్న మూల ఒక్కటే కుంగి దొరికిపోతుంది. ఏ ఫ్యూజో యజమాని పుస్తకంలో గానీ ఫ్యూజు పెట్టె మూత మీద గానీ రాసి ఉంటుంది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా లక్ష రూపాయల మాట చెప్పే గ్యారేజీని నేను నమ్మను.

కుంగిన మూల తెలిశాక సబ్బు నీళ్ల పరీక్ష. గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం నీళ్లలో కలిపి స్ప్రే సీసాలో పోసుకుంటే చాలు. చక్రం విప్పి, దుమ్ము రాకుండా బెలో చుట్టూ ఉండే తొడుగును జరిపి, ముందుగా గొట్టం బిగించిన కీలు మీద, తరువాత రబ్బరు మడత మీద కొట్టాలి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇటీవల ఒక ఎస్-క్లాస్‌కు ఇలా చేసినప్పుడు రబ్బరు పైకి నున్నగా, నల్లగా, కొత్తదానిలా కనిపించింది. కారును స్టాండ్ల మీద సరైన ఎత్తుకు తెచ్చి టార్చి వెలుగులో మడత కింది అంచును చూస్తే వెంట్రుకల్లాంటి పగుళ్లు చుట్టూ వలయంగా కనిపించాయి. వాటిలో ఒకచోట ఆవగింజంత బుడగ పుట్టి, పెరిగి, పగిలి, మళ్లీ అక్కడే పుట్టింది. ఇంత చిన్న రంధ్రమే ఆ కారును రాత్రికి రాత్రే కుంగదీసింది. గమనించవలసిందేమిటంటే, కారు పూర్తి ఎత్తులో ఉన్నప్పుడు ఒకచోట, దిగినప్పుడు మరొకచోట మడత పడుతుంది కాబట్టి, ఒక్క ఎత్తులోనే చూసి బుడగ లేదు, లీకు లేదు అని తేల్చకూడదు.

ఆ కారు యజమాని మా ఇరుగువారే. అంతకు ముందు నగరంలోని ఒక గ్యారేజీలో ఆయన కారుకు కంప్రెసర్ రెండుసార్లు మార్చారు. రెండోసారి వారంటీ అడిగితే, కారు పాతదైపోయింది సార్, మేమేం చేస్తాం అన్నారట. పాత కంప్రెసర్ ఇవ్వమంటే అప్పటికే తుక్కుకు వేసేశామన్నారు. బిల్లులో ఏ పరీక్ష చేశారో ఒక్క ముక్క లేదు. ఆ గ్యారేజీ పేరు ఇక్కడ రాయడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే ఇది ఒక్కరి తప్పు కాదు, అలవాటుగా మారిన పద్ధతి.

షాక్ మార్చాలని నిర్ణయం అయ్యాక మరొక ప్రశ్న వస్తుంది: పూర్తి స్ట్రట్ (గాలి స్ప్రింగూ, ఊపును అణిచే షాక్ అబ్జార్బరూ కలిసిన భాగం) మార్చాలా, రబ్బరు ఒక్కటే మార్చితే సరిపోతుందా? ఇది కారును బట్టి ఉంటుంది. డబ్ల్యూ220, డబ్ల్యూ221 ఎస్-క్లాస్‌లలో వెనుక గాలి స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే స్ట్రట్‌గా కలిసి ఉంటాయి. డబ్ల్యూ211 ఈ-క్లాస్‌లోనూ, మెర్సిడెస్ పెద్ద ఎస్‌యూవీ జీఎల్‌లోనూ వెనుక బెలో వేరు, షాక్ అబ్జార్బర్ వేరు; అక్కడ రబ్బరు ఒక్కటే చీలితే దానినే మార్చుకోవచ్చు, ఖర్చు చాలా తగ్గుతుంది. ఈ తేడా తెలియక, వేరుగా ఉన్నచోట కూడా పూర్తి సెట్ అంటగట్టడం జరుగుతోంది. స్ట్రట్ మీద కరెంటు ప్లగ్ ఉంటే లోపలి షాక్ గట్టితనం కూడా కంప్యూటర్ అదుపులో ఉందని అర్థం. అలాంటి చోట ప్లగ్ లేని చవక రకం బిగిస్తే డ్యాష్‌బోర్డ్‌లో హెచ్చరిక ఆరదు, కారు గతుకులలో మునుపటిలా ప్రవర్తించదు. ఒక పక్క పోయినప్పుడు రెండు పక్కలా మార్చాలా అంటే, మార్చాలనే నా అభిప్రాయం. రెండు రబ్బర్లూ ఒకే ఏడు తయారై, ఒకే ఉప్పు గాలిని అన్నే సంవత్సరాలు భరించాయి. ప్రమాదం వల్ల ఒక పక్కది ఈమధ్యే కొత్తది వేసి ఉంటే తప్ప, రెండోది మిగిల్చి సాధించేదేమీ లేదు. కొద్దికాలానికి అదే కూలీ మళ్లీ కట్టవలసి వస్తుంది.

బిగించే పనిలో ఉన్న ప్రమాదాన్ని గురించి గట్టిగా చెప్పాలి. కారు టైరులో ఉండే గాలి సుమారు 33 పీఎస్‌ఐ. ఈ బెలోలో ఉండేది దానికి కొన్ని రెట్లు. గాలి వదలకుండా గొట్టం కీలు విప్పితే మొహం మీద కొడుతుంది. అంతకన్నా ఘోరమైనది, కారును ఒట్టి జాకీ మీద లేపి కిందికి దూరడం. జాకీ వేయగానే చక్రాలు వేలాడి, కంట్రోల్ యూనిట్ కారు చాలా ఎత్తులో ఉందనుకొని గాలి వదిలేస్తుంది. జాకీ తీయగానే కారు ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. అందుకే జాకీ వేసేముందు ఈ వ్యవస్థను ఆపే విధానం ప్రతి కారుకూ ఉంటుంది, అది పాటించాలి, గట్టి స్టాండ్లు పెట్టాలి. ఆటోనగర్‌లో పనిచేసే కుర్రాళ్లు రెండు ఇటుకల మీద కారు నిలబెట్టి కింద పడుకోవడం నేను కళ్లారా చూశాను. వారికి ఈ పని ఇచ్చే యజమానులు ఇకనైనా స్టాండ్లు కొనిపెట్టాలి.

కొత్త స్ట్రట్ బిగించాక కారు బరువును గాలి లేని రబ్బరు మీద దింపకూడదు. అలా దింపితే మడత తప్పు దిశలో పడి, కొత్త రబ్బరు మొదటి రోజే నలిగిపోతుంది. చక్రాలు పూర్తిగా వేలాడుతుండగా నిండుగా గాలి కొట్టినా అంతే ముప్పు. స్కానర్ ద్వారా కొద్దిగా గాలి నింపి, మడత సరిగా కూర్చున్నదో లేదో చూసి, ఆ తరువాత మెల్లగా దింపాలి. చక్రాన్ని కారుకు కలిపే కింది ఆర్మ్‌ల బోల్టులను చక్రాలు వేలాడుతుండగా పూర్తిగా బిగించేస్తారు మన మెకానిక్‌లు; దానివల్ల వాటిలోని రబ్బరు బుష్‌లు ఎప్పటికీ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతాయి. కారు మామూలు ఎత్తుకు వచ్చాకే ఆ బోల్టులకు చివరి బిగింపు ఇవ్వాలి.

తరువాత మిగిలే పని ఎత్తు క్యాలిబ్రేషన్, అంటే సరైన ఎత్తు ఏదో కంట్రోల్ యూనిట్‌కు తిరిగి నేర్పడం, దాని వెంట వీల్ అలైన్‌మెంట్. ఈ రెండూ అక్కరలేదని చెప్పేవారు ఉన్నారు. వెనుక భాగం అంగుళం దిగి ఉంటే చక్రాలు పైభాగంలో లోపలికి వాలి, టైరు లోపలి అంచు గుండ్రంగా అరిగిపోతుంది. బయటికి టైరు బాగానే కనిపిస్తుంది, లోపలి వైపు తీగలు బయటపడతాయి. అటువంటి టైరుతో సింహాచలం ఘాట్ దిగడం, అరకు వెళ్లి అనంతగిరి మలుపుల్లో తిరగడం ఊహించడానికే భయం. వెనుక కుంగితే హెడ్‌లైట్లు పైకి లేస్తాయి. ఎత్తును సెన్సార్ ద్వారా సర్దుకునే లైట్లు ఉన్న కార్లలో కూడా క్యాలిబ్రేషన్ తప్పితే వెలుగు ఎదుటివారి కళ్లలోకి పోతుంది. రాత్రిపూట హనుమంతవాక నుంచి ఆనందపురం వైపు వెళ్లే ద్విచక్ర వాహనదారులకు ఈ బాధ కొత్త కాదు. (పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చే పాత జర్మన్ కార్లు వరుడితో పాటు అరడజను మంది బంధువులను మోస్తూ, వెనుక నేలకు ఆనించి, లైట్లు ఆకాశానికి ఎత్తి నడవడం మన ఊళ్లో పెళ్లిళ్ల కాలంలో కనిపించే దృశ్యమే.)

ఈ తంటా అంతా ఎందుకని ఎయిర్ షాక్‌లు పీకేసి కాయిల్ స్ప్రింగులు వేయించుకొమ్మని సలహా ఇచ్చేవారు పెరుగుతున్నారు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో 1957 నాటి క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ నాలుగు చక్రాలకూ గాలి స్ప్రింగులతో వచ్చింది. అవి కారడం మొదలుపెట్టాక చాలామంది యజమానులు ఉక్కు స్ప్రింగులకు మారిపోయారు. కారును పూర్తిగా అరిగేదాకా వాడి తుక్కుకు పంపదలచినవారికి ఈ మార్పు లాభసాటి కావచ్చునని ఒప్పుకుంటాను. కానీ అంత బరువైన కారుకు సరిపోని స్ప్రింగులు వేస్తే వెనుక సీటు ఖాళీగా ఉన్నప్పుడు ఎగురుతుంది, నిండినప్పుడు కుంగుతుంది; కంట్రోల్ యూనిట్‌ను ఊరుకోబెట్టడానికి వైర్లు కోసి రెసిస్టర్లు అతికించే పని మరొక సమస్యకు దారి తీస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తోంది కాబట్టి, ఇటువంటి మార్పుకు ముందు రవాణా శాఖనూ, బీమా సంస్థనూ రాతపూర్వకంగా అడగడం మంచిది. సొంత కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసి తిరిగి పునరుద్ధరించుకోవలసి ఉంటుంది. 2010 ప్రాంతంలో కొన్న ఎస్-క్లాస్‌లూ, ఆడి క్యూ7లూ ఇప్పుడు ఆ గడువుకు వస్తున్నాయి. తనిఖీ రోజున కోసిన వైర్లకు సంజాయిషీ చెప్పుకోవలసింది యజమానే, స్ప్రింగులు అమ్మినవారు కాదు.

విడిభాగాల ఎంపికలో కూడా జాగ్రత్త అవసరం. కాంటినెంటల్, బిల్‌స్టీన్ వంటి సంస్థలు ఎయిర్ స్ప్రింగులు, స్ట్రట్‌లు తయారు చేసి విడిగానూ అమ్ముతాయి. కారు కంపెనీ డబ్బాలో కొంటే ఎక్కువ ధర, విడిగా కొంటే తక్కువ. దీనిలో తప్పు లేదు. తుక్కు కార్ల నుంచి తీసిన స్ట్రట్‌లకు నల్లరంగు పూసి "రీకండిషన్డ్" అని అమ్మడమే తప్పు. పాత రబ్బరు రంగుతో బాగుపడదు. నిజంగా పునర్నిర్మించిన స్ట్రట్‌లో రబ్బరు కొత్తది వేసి, పైన కింద బిగించే క్రింప్ రింగులు కొత్తవి వేసి, గాలి నింపి పరీక్షిస్తారు. కొనేవారు రింగుల మెరుపును, రబ్బరు మీద అచ్చువేసిన తయారీ తేదీని చూడాలి. తేదీ చెరిపేసి ఉన్న సరుకును ఎంత చవకైనా వదిలేయాలి. కొత్తదైనా ఏళ్ల తరబడి గోదాములో మడతపడి ఉన్న రబ్బరు కొత్తది కాదన్న సంగతి అమ్మేవారు చెప్పరు.

మన నగరంలో ఈ విద్య తెలిసినవారు లేరని నేను అనడం లేదు. హైదరాబాద్, విజయవాడ వైపు తిరిగే వోల్వో బస్సులు గాలి బెలోల మీదే నడుస్తాయి. వాటికి డిపోల్లో, ప్రైవేటు ట్రావెల్స్ షెడ్లలో బెలోలు మార్చే ఫిట్టర్లు సబ్బు నీళ్ల పరీక్షను ప్రతి సర్వీసుకూ చేస్తారు. ఆ బస్సుల్లో ఎత్తు చూసే ఏర్పాటు వేరైనా, గాలి నియమం ఒక్కటే. ఆ ఫిట్టర్ల అనుభవాన్ని కార్ల గ్యారేజీలు అడిగి నేర్చుకోవచ్చు. కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు చదివే విద్యార్థులకు తుక్కు కారు నుంచి తీసిన కంప్రెసర్, డ్రైయర్, వాల్వ్ బ్లాక్, రెండు బెలోలు ఒక బల్ల మీద అమర్చి ఇస్తే ఈ పాఠమంతా ఒక పూటలో కళ్లకు కట్టినట్టు చెప్పవచ్చు. అందుకయ్యే ఖర్చు స్వల్పం. సంబంధిత అధికారులు దీనిని పరిశీలించాలని కోరుతున్నాను.

యజమానులకు నా విన్నపం ఇదే. పని అప్పగించే ముందు ఏ మూల ఎంత దిగిందో, సబ్బు నీళ్ల పరీక్షలో బుడగ ఎక్కడ వచ్చిందో ఎస్టిమేటులో రాయించుకోండి. విప్పిన పాత భాగాన్ని తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి. కంప్రెసర్ మార్చాలంటే బెలోలు ఎందుకు బాగున్నాయని తేల్చారో అడగండి. లెక్క చెప్పని బిల్లు మీద వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించే హక్కు మీకున్నది. అంతదూరం వెళ్లేముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. గ్యారేజీ యజమానులు కూడా ఈ పరీక్షకు విడిగా న్యాయమైన రుసుము వసూలు చేసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పరీక్ష ఉచితంగా చేస్తామని చెప్పి, దాని ఖర్చును అనవసరపు కంప్రెసర్‌లో కలిపి రాబట్టుకోవడం కన్నా అది ఎంతో మేలు.

ఇట్లు,
విశ్రాంత ఆటోమొబైల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం.